పది అడుగుల లోపు

మా ఆయన చేతిగడియారం పోయిన రోజు బుధవారం. ఉదయం విరామం గంట కొట్టి ఏడెనిమిది నిమిషాలై ఉంటుంది. టైం చూద్దామని చెయ్యెత్తితే మణికట్టు బోసిగా ఉంది.

అది మగవాళ్ల గడియారం. నా చేతికి వదులు. ఆయన పోయిన రోజు ఆసుపత్రిలో నర్సు దాన్ని విప్పి నా అరచేతిలో పెట్టింది. అప్పటికింకా నడుస్తూనే ఉంది. పట్టీకి ఇంకో రంధ్రం పొడిపించుకోమని చెల్లెలు ఎన్నోసార్లు చెప్పింది. నాకు మనసొప్పలేదు. ఆయన రోజూ బిగించుకున్న రంధ్రం దగ్గర తోలు కాస్త సాగి ఉండేది. మోచేతి దాకా జారుతుంటే వెనక్కి తోసుకుంటూ నాలుగు నెలలు అలాగే పెట్టుకు తిరిగాను.

మా బడిలో విరామం డ్యూటీ వంతులవారీగా పడుతుంది. ఆ బుధవారం నాది. ఆటస్థలంలో ఒక మూల పిల్లలు ఎక్కి దిగే ఇనుప కమ్మీలున్నాయి. డ్యూటీలో ఉన్నవాళ్లు ఆ కమ్మీలకు పది అడుగుల లోపే నిలబడాలి. స్టాఫ్ రూం గోడ మీద రాసి ఉంటుంది. కొత్తగా చేరిన టీచర్లకు ఆ మాట చెప్పేది నేనే. పాతికేళ్లుగా చెబుతున్నాను.

ఆ రోజు నేను కమ్మీల దగ్గర లేను. విరామం మొదట్లో చేతులు కడుక్కున్నది గుర్తొచ్చి కుళాయి దగ్గరికి వెళ్లాను. అది ఆటస్థలానికి అవతలి చివర. అక్కడ వంగి, చెప్పుతో కంకర కదుపుతూ, కాలువ వెంట చూస్తూ పోయాను. ఎంతసేపు వెతికానో నాకు తెలియదు.

వెనక పిల్లల గోల ఆగిపోయింది. టీచర్లకు గోల వినిపించదు, అది ఆగిపోవడం వినిపిస్తుంది. తిరిగి చూస్తే కమ్మీల కింద గుంపు. పరుగెత్తాను. నేను వెళ్లేసరికి మా నాలుగో తరగతి పిల్ల ఒకతె ఇసుకలో కూర్చుని ఉంది. పక్కపిల్ల వీపు పట్టుకుంది. ఇసుక చుట్టూ కట్టిన సిమెంటు అంచు తలకు తగిలింది. చెవి పైన బొప్పి. రక్తం రాలేదు.

"ఎలా ఉందమ్మా?" అన్నాను.

"గంట కొట్టారా టీచర్?" అంది.

ఇంకా కొట్టలేదన్నాను. కాసేపటికి మళ్లీ అదే అడిగింది. చెయ్యి పట్టుకుని ఆఫీసు గదికి నడిపిస్తుంటే మూడోసారి అడిగింది.

ఆ పిల్లను బడంతా వసపిట్ట అనే పిలుస్తుంది. నోరు ఊరుకోదు. హాజరు పిలిచేటప్పుడు తన పేరుకు పలికి, రానివాళ్లకు కూడా తనే పలికి, ఎందుకు రాలేదో కారణం కూడా చెప్పేది. అలాంటి పిల్ల మంచినీళ్లు తాగి, గోడకి ఆనుకుని, నా ముఖం వైపు చూస్తూ ఊరుకుంది.

వాళ్లమ్మకు కబురు వెళ్లింది. ఆవిడ బజారు వీధిలో బట్టలు కుడుతుంది. మెడలో కొలతల టేపు తియ్యకుండానే వచ్చి పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆసుపత్రికి పంపడానికి ప్రమాదాల రిజిస్టరులో రాసి, ఆ పేజీ నకలు ఇవ్వాలి. రాయాల్సింది నేను.

అందులో ముఖ్యమైన గడులు రెండు. డ్యూటీ టీచరు ఎంత దూరంలో ఉన్నారు? పడ్డాక బిడ్డ ఎంతసేపటికి పలికింది?

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. డ్రిల్లు మాస్టారు వచ్చి నా భుజం మీదుగా చూశాడు. ఆయన ఆటసామాను గది కిటికీలోంచి ఆటస్థలమంతా కనిపిస్తుంది.

"పది అడుగుల లోపు అని రాసెయ్యండి టీచరుగారూ."

"నేను కుళాయి దగ్గరున్నాను."

"చూశాను. సాక్షి సంతకం నేను పెడతాగా. మనిషి పోయి నాలుగు నెలలే అయింది, ఇది కూడా మీ నెత్తినెందుకు? పిల్ల లేచి కూర్చుంది. సాయంత్రానికి ఆసుపత్రిలో డాక్టర్ల బుర్ర తినేస్తుంది చూడండి."

రాశాను. పది అడుగుల లోపు. రెండో గడిలో, వెంటనే. నా అక్షరాలు ఎప్పుడూ గుండ్రంగా ఉంటాయి, ఆ రోజూ అలాగే వచ్చాయి. ఆయన కింద సంతకం పెట్టాడు.

దెబ్బ చిన్నదేనని చెప్పి అదే సాయంత్రం ఇంటికి పంపేశారు. సోమవారానికి పిల్ల బడికి వచ్చింది.

ఆ వారంలోనే ఆసుపత్రి నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. ముప్పై ఏళ్ల లోపు మనిషి. తలకు చిన్న దెబ్బ తగిలిన పిల్లలు ఎలా కోలుకుంటారు, చదువు మీద, జ్ఞాపకశక్తి మీద, కోపతాపాల మీద దాని జాడ ఎన్నాళ్లుంటుంది అని చూసే పని ఆమెది. చేతిసంచీ నిండా బొమ్మల అట్టలు. అందుకని పిల్లలు ఆమెకు బొమ్మల డాక్టరమ్మ అని పేరు పెట్టారు. డాక్టర్ని కాదమ్మా అని చెప్పి చెప్పి ఆమె విసిగి ఊరుకుంది.

"వీళ్లని చెయ్యో కాలో విరిగిన పిల్లలతో పోల్చి చూస్తామండి" అని స్టాఫ్ రూంలో వివరించింది. "వాళ్లకీ భయముంటుంది, నొప్పి ఉంటుంది, పదిరోజులు బడి పోతుంది. అవన్నీ తీసేశాక మిగిలే తేడా ఏదైనా ఉంటే అది తల దెబ్బది అనుకోవచ్చు."

"అయితే మీ దగ్గర చెయ్యి విరిగినవాడే ఆరోగ్యవంతుడన్నమాట" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

ఆమె నవ్వి తన కాగితాలు తీసింది. పడ్డాక కాసేపు పలకని పిల్లలు, తికమకపడ్డ పిల్లలు ఒక జాబితా. వాళ్లను వారానికి, నెలకు, మూడు నెలలకు చూస్తారు. ఇంటికీ బడికీ ఒక కాగితం ఇస్తారు: పాఠాలు చిన్న చిన్న ముక్కలుగా చెప్పాలి, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి, గోలకు దూరంగా కూర్చోబెట్టాలి, ఇంటిపని తగ్గించాలి. వెంటనే పలికిన పిల్లలు రెండో జాబితా. వాళ్లను ఒకే ఒక్కసారి, మూడో నెలలో చూస్తే చాలు.

రిజిస్టరు నకలు చూసి ఆమె వసపిట్టను రెండో జాబితాలో రాసుకుంది. రాసేటప్పుడు తలెత్తి, "మీరు పక్కనే ఉండటం మంచిదైందండి. చాలా కేసుల్లో చూసినవాళ్లే ఉండరు" అంది.

గంట కొట్టారా అని మూడుసార్లు అడిగిన సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది. అది చెబితే మిగతావి అడుగుతుంది. మింగేశాను.

తర్వాతి పది వారాలు పిల్ల నా కళ్లెదుటే ఉంది. బోర్డు మీద ఉన్నది ఎక్కించుకుంటూ సగం వాక్యంలో ఆగిపోయేది. ఏడో ఎక్కం నాలుగు దాకా చెప్పి, తర్వాత ఏమీ లేనట్టు నిలబడేది. భోజనాల గదిలో చెవులు మూసుకుని కూర్చునేది. మధ్యాహ్నం తలనొప్పి అనేది. ఒకసారి పక్కపిల్ల రబ్బరు తీసుకుందని పుస్తకాలన్నీ కింద పడేసింది. హాజరు పిలిస్తే తన పేరుకు పలికేది, అంతే.

నాకు అనుమానం రాలేదని చెప్పను. వచ్చింది. దాన్ని ఎర్రసిరాతో కప్పాను. శ్రద్ధ లేదు అని నోటుపుస్తకంలో రాశాను. అక్షరాలు జాగ్రత్త అని రాశాను. పని పూర్తి చేయలేదు, తల్లిదండ్రుల సంతకం కావాలి అని రాశాను. పది వారాల్లో తొమ్మిదిసార్లు రాశాను.

వాళ్లమ్మ ఆ పుస్తకం పట్టుకుని ఒక సాయంత్రం వచ్చింది.

"ఇంట్లో కూడా ఇంతేనండి. చెప్పిన పని సగంలో వదిలేసి కూర్చుంటుంది. దారం బొబ్బిన్ తెమ్మంటే పెట్టె దగ్గర నిలబడి ఏం తెమ్మన్నావే అని నన్నే అడుగుతుంది. ఇదివరకు నోరు మూయమని తిట్టేదాన్ని, ఇప్పుడు నోరు తెరవమని తిడుతున్నాను. ఏంటండీ ఇది, బద్ధకమా?"

"కొంచెం గట్టిగా చెప్పి చూడండి" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

మూడో నెలలో బొమ్మల డాక్టరమ్మ పరీక్ష పెట్టడానికి వచ్చింది. గ్రంథాలయం గదిలో పొట్టి బల్ల వేయించుకుంది. పిల్ల ఎదురుగా కూర్చుంది. పక్కన వాళ్లమ్మ, వెనక బీరువాల దగ్గర నేను. తెలిసిన పెద్దవాళ్లు గదిలో ఉంటే పిల్లలు బెదరరని ఆమే ఉండమంది.

ముందు అంకెలు. ఆమె చెప్పినవి పిల్ల వెనకనుంచి ముందుకు చెప్పాలి. రెండంకెలు చెప్పింది, మూడు చెప్పింది, నాలుగు దగ్గర ఆగిపోయింది. తర్వాత బొమ్మల అట్టలు వరసలో పెట్టడం. తర్వాత పదిహేను మాటలు విని, ఎన్ని గుర్తుంటే అన్ని చెప్పడం. పరిశోధకురాలి ముఖంలో ఏమీ కనిపించలేదు. ఒక్కో జవాబుకూ అదే స్వరంతో "ఊ, ఇంకా?" అంటోంది. అలా అనడానికి చాలా ఓపిక కావాలి. నేను ముప్పై మందికి పాఠం చెబుతూ ఎప్పుడో పోగొట్టుకున్న ఓపిక.

చివరికి అడిగింది. "నువ్వు పడ్డ రోజు గురించి. పడకముందు నీకు గుర్తున్న ఆఖరి సంగతేంటి?"

పిల్ల తడుముకోలేదు. ఆ పూట అంతసేపట్లో తడుముకోకుండా చెప్పిన జవాబు అదొక్కటే.

"పై కమ్మీ మీద కూర్చున్నా. టీచర్ కుళాయి దగ్గర వంగి ఏదో వెతుకుతున్నారు. టీచర్దేదో పోయినట్టుంది, దిగి వెతికిపెడదాం అనుకున్నా."

"కాదే" అంది వాళ్లమ్మ. "టీచర్ నీ పక్కనే ఉన్నారు. కాగితంలో రాసుంది కదా."

"కుళాయి దగ్గర" అంది పిల్ల.

"అక్కడెందుకుంటారు? అడుగు, వెనకే ఉన్నారుగా."

పిల్ల కుర్చీలో వెనక్కి తిరిగింది. నా ముఖంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పగలను, ఎందుకంటే ఎదురుగోడకు గడియారముంది. ఎనిమిది సెకన్లు. ఎనిమిది సెకన్లు నేను నోరు విప్పలేదు.

అది ముందుకు తిరిగి, "అయితే నాకు తెలీదు" అంది.

తర్వాత అడిగిన ప్రతిదానికీ తెలీదనే చెప్పింది. వాళ్ల వీధి పేరు అడిగితే కూడా వాళ్లమ్మ వైపు చూసింది.

వాళ్లు వెళ్లాక పరిశోధకురాలు అట్టలు సర్దుకుంటూ చెప్పింది. "మీ రిపోర్టును బట్టి ఈపాటికి పూర్తిగా కోలుకుని ఉండాలండి. కోలుకోలేదు. పైగా జరగనిది జరిగినట్టు చెబుతోంది. జ్ఞాపకం మీద ఆధారపడలేమని రాసుకోవాల్సి వస్తుంది. సోమవారం నివేదిక పంపుతాను. దాన్నిబట్టి పై తరగతికి పంపాలో వద్దో మీ పెద్ద టీచరుగారు చూస్తారు."

నా అబద్ధం అప్పటిదాకా రిజిస్టరులో ఉంది. ఇప్పుడు అది ఆ పిల్ల జబ్బులో చేరింది. ఆ పిల్ల బుర్రలో చెక్కుచెదరకుండా మిగిలిన ఒక్క నిజాన్నీ నేను రోగలక్షణం చేశాను.

మర్నాడు బడి వదలగానే ఆసుపత్రికి వెళ్లాను. ఆమె గది మూడో అంతస్తులో ఉంది. కుర్చీలన్నీ పిల్లల కుర్చీలే. మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని చెప్పాను. గడియారం సంగతి, కుళాయి సంగతి, మూడుసార్లు అడిగిన గంట సంగతి. డ్రిల్లు మాస్టారి సంతకం సంగతి ఆఖర్న చెప్పాను.

ఆమె అంతా విని, "ఎంతసేపు పలకలేదో మీకు తెలుసా?" అంది.

"తెలియదు."

"తెలియదు అని రాయడానికి కూడా గడి ఉందండి ఆ కాగితంలో."

ఉంది. ఆఖరి గడి. నేను చూశాను కూడా.

"ఎంతసేపు పలకలేదన్న దానితోనే అంతా తేలిపోదులెండి" అంది. "ఇలాంటి దెబ్బ తగిలిన పిల్లలు చాలామంది బాగవుతారు. కొందరికి ఆలస్యమవుతుంది. ఈ పిల్ల కూడా బాగవుతుందనే అనుకుంటున్నాను. కానీ మొదటి నెలలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు ఈ పిల్లకి ఎవరూ చెప్పలేదు. తలనొప్పితో కూర్చుని చదివింది, తిట్లు తింది. అది నేను లెక్కలోంచి తీసెయ్యలేను."

ఫైలు తెరిచింది. తను రాసిన వాక్యం మీద ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి పొట్టి సంతకం పెట్టింది. తెల్లరంగు పూయలేదు, చింపలేదు.

"చెరపకూడదండి మేము. తప్పు కూడా చదవడానికి వీలుగా ఉండాలి. అంతకుముందు ఏమనుకున్నామో తర్వాతివాళ్లకి తెలియాలి." ఫైలు నా వైపు తిప్పింది. పిల్ల చెప్పిన ఆఖరి జ్ఞాపకం సరైనది అని ఉంది. "ఒక్క మాట. వచ్చే గురువారం ఇంకోసారి చూస్తాను. అప్పటిదాకా పిల్ల దగ్గర ఈ విషయం ఎత్తకండి. జవాబు దాని అంతట అది రావాలి. గురువారం అయ్యాక తప్పకుండా చెప్పండి. మీరే చెప్పాలి."

పెద్ద టీచరుగారికి రాసిచ్చాను. ఆవిడ చదివి, కళ్లజోడు తీసి, "మీరా?" అంది. మెమో ఇచ్చింది. విరామం డ్యూటీ తీసేసింది. డ్రిల్లు మాస్టారికీ మెమో వచ్చింది. ఆయన స్టాఫ్ రూంలో నా ఎదురుగా కూర్చుని గ్లాసులో చల్లారిన టీ చూస్తూ, "మంచి చేద్దామనుకున్నానండి" అన్నాడు.

"తెలుసు."

"ఇక మీకెవరికీ మంచి చెయ్యను పొండి" అన్నాడు. నవ్వించాలని చూశాడు, ఇద్దరికీ నవ్వు రాలేదు. నా మీద ఆయనకు కోపం ఉంటే బాగుండేది.

బజారు వీధిలో కుట్టుమిషను ముందు నిలబడి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. ఆవిడ మిషను ఆపలేదు. జాకెట్టు చెయ్యి ఒకటి చివరిదాకా కుట్టి, దారం పంటితో తెంపి, అప్పుడు మాట్లాడింది.

"మీ ఎర్రసిరా రాతలు చూసి మూడు నెలలు దాన్ని తిట్టానండి. ఒకసారి చెయ్యి చేసుకున్నాను. నువ్వు చెప్పేవన్నీ అబద్ధాలే అన్నాను."

ఆవిడ ఒళ్లో పడ్డ దారం పోగులు దులుపుకుంది.

"మీ ఇంట్లో జరిగింది తెలుసు. కాదనను. కానీ అది మీకు గడియారం వెతికిపెడదామని దిగబోయిందటగా." జాకెట్టు రెండో చెయ్యి మిషను మీద పెట్టింది. "దాన్ని అబద్ధాలకోరు అన్న నోటితో నేను చెప్పలేను. తనకి గుర్తున్నది నిజమేనని మీరు చెబితేనే అది నమ్ముతుంది."

గురువారం పరీక్ష అయిపోయింది. ఆ తర్వాత ఇంకో మూడు గురువారాలు కూడా వెళ్లిపోయాయి.

పిల్ల ఇప్పుడు కిటికీ పక్క బెంచీలో కూర్చుంటోంది. మూడు వాక్యాలు రాసి, కాసేపు బయటికి చూసి, మళ్లీ మూడు వాక్యాలు రాస్తుంది. భోజనం స్టాఫ్ రూం పక్కగదిలో చేస్తుంది. తలనొప్పి వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గింది. ఏడో ఎక్కం మొన్న ఎనిమిది దాకా వచ్చింది. పై తరగతికి పంపడానికి పెద్ద టీచరుగారు ఒప్పుకుంది. నోటుపుస్తకంలో నేను రాసిన తొమ్మిది మాటల మీదా ఒక్కో గీత గీసి, పక్కన తేదీ వేశాను. పిల్ల ఆ గీతలు చూసింది. ఎందుకు కొట్టేశారని అడగలేదు. ఇదివరకైతే తరగతంతా వినేలా అడిగేది.

ఒక్కటి మాత్రం తగ్గలేదు. దేనికైనా ముందు తెలీదు అంటుంది. తెలిసినవాటికి కూడా. సుద్దముక్కల పెట్టె ఎవరు తీశారంటే, తీసినవాడు తన ముందునుంచే వెళ్లినా, "తెలీదేమో టీచర్" అంటుంది.

రోజూ ఇంటినుంచి మాట సిద్ధం చేసుకుని వస్తాను. పెద్ద మాటేమీ కాదు. నువ్వు చెప్పిందే నిజం, నేను కుళాయి దగ్గరే ఉన్నాను, ఆ రోజు ఊరుకుని తప్పు చేశాను. ఇంతే. హాజరు పట్టీ తెరిచేదాకా అది నాలుక చివరే ఉంటుంది. తర్వాత తీసివేతలు మొదలుపెడతాను.

నిన్న మధ్యాహ్నం మిగతా పిల్లలు ఆటలకు వెళ్లాక అది నా బల్ల దగ్గరికి వచ్చింది. వాచకం తెరిచి ఒక పేజీ చూపించింది.

"టీచర్, ఈ పాఠం మనం నిన్న చదివామా?"

"చదివాం."

"నిజంగానే చదివామా, నేను అనుకుంటున్నానా?"

"నిజంగానే చదివాం. నువ్వే రెండో పేరా చదివావు."

నేను ఇంకేమైనా చెబుతానేమోనన్నట్టు నిలబడింది. కిటికీలోంచి కుళాయి కనిపిస్తోంది. ఎవరో సరిగా కట్టక నీళ్లు కారుతున్నాయి. పిల్ల కూడా అటే చూసింది. నేను లేచి, కుళాయి కట్టి రమ్మని దాన్ని పంపాను.

గడియారం దొరకలేదు. వెతకడం మానేశాను. ఆ పిల్లకు ఇంకా చెప్పలేదు.